మధ్యాహ్నపు గడి

బడిలో హాజరు పట్టీకి రోజుకు రెండు గడులుంటాయి. ఒకటి ఉదయానిది, ఒకటి మధ్యాహ్నానిది. పొద్దున గంట కొట్టాక పేర్లు పిలిచి మొదటి గడి నింపాలి. అన్నాలయ్యాక మళ్ళీ పేర్లు పిలిచి రెండోది నింపాలి. ఇరవై రెండేళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పిన నాకు ఈ సంగతి తెలియక కాదు. తెలిసి కూడా నేను చేసిన పని వల్ల ఒక అమ్మాయి పదో తరగతి పరీక్ష ఆగిపోబోయింది.

"ఆగిపోబోయింది" అని రాశాను, చూడండి. పరీక్ష తనంతట తానే కాళ్ళు నొప్పెట్టి ఆగినట్టు. ఆ వాక్యం కొట్టేస్తున్నాను. ఆ అమ్మాయి పరీక్షను నేను ఆపబోయాను.

కొన్నేళ్ళ కిందటి మాట ఇది. దర్శికి కొంచెం ఇవతల, రోడ్డుకు రెండు పక్కలా మిరప, పత్తి తప్ప మరొకటి కనిపించని ఊళ్ళో హైస్కూలు. నేను పదో తరగతికి క్లాస్ టీచర్ని. జనవరి సగం దాటితే అక్కడ మిరప కోతలు మొదలవుతాయి. తెల్లవారకముందే ఆటోలు వరసకట్టి పోతాయి. చీరల మీద మగవాళ్ళ పాత చొక్కాలు తొడుక్కుని, తలకు తువ్వాళ్ళు చుట్టుకున్న ఆడవాళ్ళు ఆటోకు పన్నెండు మంది చొప్పున కిక్కిరిసి కూర్చుంటారు. వాళ్ళతో పాటు మా బెంచీల మీది పిల్లలు కూడా కొందరు పోతారు.

మా బడిలో దీనికొక ఆచారం ఉండేది. కోతలకు పోయిన పిల్లలకు గైరుహాజరు వేసేవారు కాదు. ఏ క్లాస్ టీచరైనా చూసీ చూడనట్టు 'పి' పెట్టేసేవాడు. స్టాఫ్‌ రూములో దాన్ని "కోతల హాజరు" అనేవారు. నేను బదిలీ మీద వచ్చిన కొత్తలో అడిగాను.

"ఎవరు మొదలుపెట్టారండీ ఇది?"

"ఎవరో ఏంటండీ, మొదట్నుంచీ ఉంది" అన్నాడు లెక్కల మేష్టారు.

ఆ జవాబు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. నా పెంపకం అలాంటిది. మా నాన్న చిలకలూరిపేటలో ఒక జిన్నింగు మిల్లులో గుమాస్తా. ఆదివారం సాయంత్రాలు ఒక మేడమీది గదిలో హేతువాదుల చర్చలు జరిగేవి. జుట్టులో పత్తి నూగు దులుపుకుంటూ నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేవాడు. అక్కడ ఒకటే నియమం. చేసినవాడి ఊసెత్తకుండా మాట్లాడేవాణ్ణి అధ్యక్షుడు పెన్నుతో బల్ల మీద కొట్టి ఆపేవాడు. ఒకాయన లేచి, "జాతకం బాగాలేక ఆ పిల్ల చదువు మానేసిందండీ" అన్నాడు. టక్కుమని బల్ల మోగింది. "జాతకం మాన్పించిందా, తండ్రి మాన్పించాడా?" ఆ మాట అన్నాయనే తండ్రి. నాకప్పుడు పదేళ్ళు. ఆ బల్ల చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. బస్సు రాకపోతే అడుగుతాను, రేషను రాకపోతే అడుగుతాను, మా ఇంట్లో పెరుగు ఒలికినా అడుగుతాను: ఎవరు? మా ఆయన అంటాడు, "నీతో కాపురమంటే రోజూ కోర్టు వాయిదాకి పోయినట్టే."

కాబట్టి ఆ ఏడు స్టాఫ్‌ రూములో నిలబడి చెప్పేశాను. నా క్లాసులో దొంగ హాజరు ఉండదు. రాని పిల్లకు రాలేదనే రాస్తాను. "మనం పిల్లలంతా బడిలో ఉన్నారని రాసి పంపుతున్నాం. అక్కడ లేరని కాగితం మీద ఎక్కడా లేదు. ఇక వాళ్ళను పొలానికి ఎవరు తీసుకుపోతున్నారని అడిగేదెవరు? అబద్ధపు 'పి' పెట్టి మనమే ఆ ప్రశ్నను పాతిపెడుతున్నాం."

"ఈవిడ నిప్పులు కడుగుతుందండోయ్, కొంచెం దూరంగా కూర్చోండి" అన్నాడు లెక్కల మేష్టారు. అందరూ నవ్వారు. దాన్ని నేను మెచ్చుకోలుగానే తీసుకున్నాను. ఎర్ర సిరా పెన్ను ఒకటి కొత్తది కొన్నాను.

పాసివ్ వాయిస్ పాఠం ఏటా ఈ కోతల నెలలోనే వచ్చేది. పిల్లలు దాన్ని భజనలా అప్పజెప్పేవారు: కర్మ ముందుకి, బి ఫామ్, వి త్రీ, బై, కర్త వెనక్కి. వాక్యం ఇచ్చి మార్చమంటే మాత్రం గుడ్లప్పగించేవారు. వాళ్ళ తప్పు కాదు. మన ఇళ్ళల్లో ఎవరూ అలా మాట్లాడరు. "అన్నం నా చేత తినబడింది" అన్నవాణ్ణి మన ఊళ్ళో ఆస్పత్రికి తీసుకెళ్తారు. అంతమాత్రాన చేసినవాణ్ణి దాచడం మనకు రాదని కాదు. "కరెంటు తీసేశారు" అంటాం. ఎవరు? వాళ్ళు. "రోడ్డు తవ్వేశారు." ఎవరు? వాళ్ళే. పొట్టకోసినా వాళ్ళెవరో చెప్పలేం. అదీ కాకపోతే "గ్లాసు పగిలింది", "పెన్ను పోయింది టీచర్." పెన్నుకు కాళ్ళొచ్చినట్టు.

ఇదంతా పిల్లలకు చెప్పేదాన్ని. ఇంకోటి కూడా చెప్పేదాన్ని, న్యాయం కోసం. పాసివ్ దానంతటది పాపం కాదు. సైకిలు పోయింది, దొంగెవరో తెలియదు, అప్పుడు వాడక ఏం చేస్తాం? తెలియనప్పుడు వాడండి. తెలిసీ వాడితే మాత్రం పట్టుకుని అడగండి.

ఆ ఏడు ఒక ఉపాయం చేశాను. సుద్దముక్కల పెట్టెల అట్టలు కోసి, వాటి మీద మాటలు రాసి, పిల్లల చేతికిచ్చి వరసగా నిలబెట్టాను. ఒక అట్ట మీద 'ద విమెన్'. ఒకదాని మీద 'పిక్'. మూడోదాని మీద 'ద చిల్లీస్'. 'ఆర్', 'బై' అట్టలు రెండు పక్కన సిద్ధంగా ఉంచాను. ఆడవాళ్ళు మిరపకాయలు కోస్తారు. అది మధ్యాహ్నం, భోజనాలయ్యాక మూడో పీరియడు. బయట ఎండలో కళ్ళం మీద ఆరబోసిన కాయల ఘాటు గాలిలో తేలి లోపలికి వస్తోంది.

"ఇందులో పని చేసేదెవరు?"

"విమెన్ టీచర్!"

"ఆ అట్ట ఎవరు పట్టుకుంటారు?"

చివరి బెంచీలో పొడుగ్గా, సన్నగా ఉండే అమ్మాయిని పక్కవాళ్ళు తోశారు. తను లేచి వచ్చింది. రెండు చేతులూ మణికట్టు దాకా ఎర్రగా కందిపోయి ఉన్నాయి. అట్టకు మరక అంటకుండా చున్నీ కొంగుతో అంచు పట్టుకుంది. ముందు బెంచీ పిల్ల గట్టిగా తుమ్మింది.

"ఏమే, ఆ చున్నీ ఇటు దులపమాక, చచ్చిపోతన్నా!"

"నువ్వు చచ్చిపోతే నీ టిఫిను నాకేగా" అంది తను. అంతా నవ్వారు.

ఈల వేశాను. మిరపకాయల అట్ట పట్టుకున్న పొట్టి కుర్రాడు రొమ్ము విరుచుకుని ముందుకొచ్చాడు. 'పిక్' అట్ట వాడు, "టీచర్, నేనేం మారాలి?" అన్నాడు. "నువ్వు వి త్రీ అవ్వాలి, వేషం మార్చు" అన్నాను. వాడు చొక్కా విప్పి తిరగేసి తొడుక్కున్నాడు. 'ఆర్' అట్ట వాడు వచ్చి వాడి భుజం మీద చెయ్యేశాడు. ఆ అమ్మాయి వరస చివరికి పోయి, 'బై' అట్ట ఊతకర్రలా పట్టుకుని నిలబడింది.

"ఇప్పుడు చూడండి. చేసినవాళ్ళ సంగతి అక్కర్లేదనుకుంటే, ఆ బై తో సహా వాళ్ళను వాక్యంలోంచి పంపెయ్యొచ్చు. వాక్యం పడిపోదు. వెళ్ళమ్మా, గుమ్మం బయట నిలబడు."

తను బయటికి వెళ్ళింది. మిగిలినవాళ్ళు ఏకకంఠంతో చదివారు. మిరపకాయలు కోయబడతాయి. వాక్యం పడిపోలేదు. ఆ ఉత్సాహంలో నేను ఇంకో వాక్యంలోకి, ఇంకోదానిలోకి పోయాను. గంట కొట్టేవేళకు ఆ అమ్మాయి గుమ్మంలోంచి తల పెట్టింది.

"టీచర్, నేనిక లోపలికి రావచ్చా? కోతలు అయిపోయినాయా?"

క్లాసు దద్దరిల్లింది. నేనూ నవ్వాను. తరవాత అలవాటు ప్రకారం అందరి నోటు పుస్తకాలూ చూసి, కింద తేదీ వేసి, పొట్టి సంతకం పెట్టాను.

మార్చి వచ్చింది. హాజరు చాలని పిల్లల జాబితా ఒంగోలులో విద్యాశాఖ ఆఫీసుకు పంపాలన్నారు. నా క్లాసులో ఒకే ఒక్క పేరు తేలింది, ఆ చివరి బెంచీ అమ్మాయిది. నా ఎర్ర సిరా గురించి విన్న తల్లిదండ్రులు మిగిలిన పిల్లలను ఆదివారాలే తీసుకుపోయారు. ఈ అమ్మాయికి మాత్రం దాదాపు ఏడు వారాలు, పట్టీలో ఎర్ర 'ఎ'లు జంటలు జంటలుగా ఉన్నాయి.

"ఒక్క పిల్లే కదమ్మా. ఏదన్నా చూడండి" అన్నారు హెడ్‌మాస్టరు గారు. మెత్తని మనిషి. మూడేళ్ళలో రిటైరవుతారు.

"రికార్డు ఎలా ఉంటే అలా పంపుదాం సార్."

ఉత్తరం నేనే రాశాను. ఇంగ్లీషులో. హాజరు తక్కువైనందున ఈ అభ్యర్థి పేరు సిఫారసు చేయబడలేదు, అని దాని అర్థం. ఆ వాక్యంలో నేను లేను. హెడ్‌మాస్టరు లేరు. ఎవరూ లేరు. పైగా ఒకసారి తిరిగి చదివాను. వ్యాకరణం సరిగా ఉందో లేదో చూసుకోవడానికి.

వారం తిరక్కముందే వాళ్ళమ్మ వచ్చింది. కుడిచేతి మణికట్టుకు కట్టు ఉంది. కట్టు మాసిపోయి, అంచుల్లో పోగులు లేచి ఉన్నాయి. ఆమె వెనక కూతురు, సంచీ భుజాన వేసుకుని, తల దించుకుని.

"హాల్ టికెట్ ఆపేశారంటగా టీచరమ్మా?"

"హాజరు చాల్లేదమ్మా."

"ఎవరాపారు?"

ఆ ప్రశ్న నాది. నలభై ఏళ్ళుగా నేను ఊరందరి మీదా ప్రయోగించిన ప్రశ్న. దానికి నా నోటి నుంచి ఏం వచ్చిందో తెలుసా? "రూలు అలా ఉందమ్మా" అన్నాను.

ఆమె గుమ్మంలోనే గొంతుక్కూర్చుని చెప్పుకొచ్చింది. జనవరిలో ఆటోలోంచి జారిపడి చెయ్యి విరిగింది. కోతల ముఠాలో పన్నెండు జాగాలు. మూడు రోజులు జాగా ఖాళీగా ఉంటే ముఠా నడిపే మేస్త్రమ్మ ఇంకో మనిషిని ఎక్కించుకుంటుంది. ఒకసారి ఎక్కించుకుంటే ఆ ఏడు కోతలయ్యేదాకా దించదు. పత్తితీతకైనా, పొగాకు పనికైనా మళ్ళీ అదే ముఠా. అంటే ఏడాదంతా పోయినట్టే. సొంత మనిషిని కూర్చోబెడితే మాత్రం జాగా నిలబడుతుంది.

"అందుకని నా జాగాలో దీన్ని కూర్చోబెట్టా. కట్టు విప్పిందాకానే గదా అనుకున్నా. దేవుడి చిత్తం అట్టా ఉందేమో మరి. పాస్టరు గారు కూడా ప్రార్థన చేద్దామన్నారు." కొంగుతో మొహం తుడుచుకుంది. "అయినా పొద్దుటి పూటే గదమ్మా పోయింది? కోత ఒంటిగంటకల్లా అయిపోద్ది. ఆటో మీ గేటు కాడే ఆపి దింపిపోయేవాళ్ళు. మొహమన్నా కడక్కుండా లోపలికి ఉరికేది."

"లేదమ్మా. మధ్యాహ్నం కూడా రాలేదు. రిజిస్టరులో ఉంది."

అప్పుడు ఆ అమ్మాయి తలెత్తింది. గొంతులో కోపం లేదు. గుర్తుచేస్తున్నట్టుగా అంది.

"ఆ రోజు గుమ్మం బయట నిలబెట్టారు కదా టీచర్."

నేను కుర్చీలోంచి లేచాను. కూర్చున్నాను. మళ్ళీ లేచాను. బీరువా తెరిచి రిజిస్టరు తీశాను. ఏ తేదీ? నాకు గుర్తు లేదు. ఆ అమ్మాయి సంచీలోంచి ఇంగ్లీషు నోటు పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. పేజీల మూలల్లో ఎర్రని వేలిముద్రలు. పాసివ్ వాయిస్ పాఠం కింద నా పొట్టి సంతకం, నా చేత్తో వేసిన తేదీ. రిజిస్టరులో అదే తేదీ చూశాను. ఉదయం 'ఎ'. మధ్యాహ్నం 'ఎ'. రెండూ నా ఎర్ర సిరాయే.

పుస్తకం వెనక్కి తిప్పాను. ముందుకు తిప్పాను. ఆ ఏడు వారాల్లో నా సంతకం ఉన్న ప్రతి తేదీకీ రిజిస్టరులో ఆ అమ్మాయి లేదు. నా క్లాసులో నా ఎదురుగా కూర్చుని, నా సుద్దముక్క చూసి రాసుకుని, నాతో సంతకం పెట్టించుకున్న పిల్ల, నా రికార్డులో లేదు.

ఎలాగంటే చెప్తాను. మధ్యాహ్నం మొదటి పీరియడు నాకు ఎనిమిదో తరగతితో ఉండేది. మళ్ళీ ఇటొచ్చి పేర్లు పిలవడం ఎందుకని, పొద్దున్నే రెండు గడులూ ఒకేసారి నింపేసేదాన్ని. పొద్దున లేని పిల్ల మధ్యాహ్నం మాత్రం ఎక్కడినుంచి వస్తుంది? ఇది అబద్ధమని నాకెప్పుడూ తోచలేదు. బడిలో అందరూ చేసేదే. లెక్కల మేష్టారు దొంగ 'పి' పెట్టి ఒక పిల్లను కాపాడేవాడు. నేను దొంగ 'ఎ' పెట్టి, దానికి నిజమని పేరు పెట్టి, ఒక పిల్లను బయటికి నెట్టాను.

"దేవుడి మీదికి నెట్టకమ్మా" అన్నాను. "నేనే ఆపాను."

ఆమెకు అర్థం కాలేదు. "మీరెందుకు ఆపుతారు టీచరమ్మా, మీరు మంచోళ్ళు" అంది. తిట్టి ఉంటే నయంగా ఉండేది.

హెడ్‌మాస్టరు గారి గదిలో ఆ సాయంత్రం అందరూ కూర్చున్నారు. నేను తప్ప. నేను కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను.

"పచ్చకామెర్లు వచ్చినాయని డాక్టరు సర్టిఫికెట్ తెస్తే గొడవ లేకుండా పోతుంది" అన్నారాయన.

తలుపు దగ్గర నిలబడ్డ తల్లి ఉలిక్కిపడింది. "కామెర్లంటే ముఠాలో నీళ్ళ బిందె ముట్టనివ్వరయ్యా. ఆటో ఎక్కనివ్వరు. ఆ మాట మాత్రం రాయమాకండి."

"అయితే, 'నమోదులో పొరపాటు జరిగింది' అని రాద్దాం."

"జరగలేదు సార్. మధ్యాహ్నం పేర్లు పిలవకుండా నేను గడులు నింపాను. అలాగే రాస్తాను."

గది ఒక్కసారి వేడెక్కింది. లెక్కల మేష్టారు మొదటిసారి నవ్వకుండా మాట్లాడాడు. "మేడమ్, మీరు 'నేను' అంటే అక్కడితో ఆగదు. మిగతా క్లాసుల పట్టీలు కూడా తెమ్మంటారు. ఆ గడి ఎవరు మాత్రం పేర్లు పిలిచి నింపారిక్కడ? మీ నిజానికి మా మెడలు కూడా కావాలా?"

"ఎవరి పేరూ రాయనండి. నా గడుల సంగతే రాస్తాను."

"మొదట మీరే మీ క్లాసులో కోతల హాజరు తీసేశారు. అది ఉన్నట్టయితే ఈ పిల్లకీ బాధ లేదు, మాకూ లేదు. మీరు చేసిన నిజం ఒకటి, ఇప్పుడు చేసే నిజం ఇంకోటి. రెండుసార్లూ ఖర్చు వేరేవాళ్ళది."

దొంగ 'పి' తప్పని నేను ఇప్పటికీ అంటాను. కానీ ఆ ఏడు వారాల్లో ఒక్కరోజు కూడా ఆ పిల్ల ఇంటికి నేను పోలేదు. ఎందుకు రావడం లేదని ఒక్కమాట అడగలేదు. పొలానికి తీసుకుపోయిందెవరని అడిగేదెవరంటూ ఉపన్యాసం ఇచ్చిన నేనే, నా ముందు ఎర్రబడిన చేతులతో నిలబడ్డ పిల్లను అడగలేదు. అడిగి ఉంటే విరిగిన చెయ్యి సంగతి, జాగా సంగతి ఫిబ్రవరిలోనే తెలిసేది. అడగడం కంటే ఎర్ర సిరా తేలిక.

రాత్రంతా కాగితం రాసి, చించి, రాసి, పొద్దున బస్సెక్కాను. ఒంగోలు దాకా నిలబడే వెళ్ళాను. సీటు దొరక్క కాదు.

ఆఫీసులో ఆఫీసరు గారు కాగితం రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి నన్ను చూశారు.

"ఇలా రాసిస్తే మీకు మెమో ఇవ్వాల్సి వస్తుంది, తెలుసా?"

"తెలుసండి."

"'పొరపాటు జరిగింది' అంటే సరిపోయేదిగా. మిమ్మల్నెవరు అడిగారు?"

"జరగలేదండి. చేశాను."

ఆ మాట అన్నప్పుడు నా లోపల ఏదో మూల చప్పట్లు వినిపించాయి. పెన్ను బల్ల మీద కొట్టిన అధ్యక్షుడు, పక్కన మా నాన్న, అందరూ తలలూపినట్టు అనిపించింది. అదీ రాయాలి. పిల్ల భవిష్యత్తు కోసం వెళ్ళిన చోట కూడా నేను నా సభలోనే ఉన్నాను.

"ఆధారమేదైనా ఉందా?"

నోటు పుస్తకమూ రిజిస్టరూ బల్ల మీద పెట్టాను. ఆయన పేజీలు తిప్పి, సంతకాలూ తేదీలూ రిజిస్టరుతో పోల్చి చూశారు. మూలల్లోని వేలిముద్రల ఘాటు తగిలి తుమ్మారు కూడా. మధ్యాహ్నపు పూటలు కలిపితే హాజరు గట్టెక్కింది, కొద్దిలో. "పుస్తకం ఫైలులో ఉంచండి" అని గుమాస్తాకు ఇచ్చారు. నేను సంతోషంగా దండం పెట్టి బయటికొచ్చాను.

హాల్ టికెట్ వచ్చింది. ఇంగ్లీషు పరీక్షకు ఆరు రోజులుంది. ఆ అమ్మాయి అది తీసుకుని, మడతపెట్టి, సంచీలో పెట్టుకుని, అక్కడే నిలబడింది.

"టీచర్, నా నోటు పుస్తకం?"

ఏడాది పాఠాలన్నీ అందులోనే ఉన్నాయి. నాకు అది ఆధారం. తనకు అది పుస్తకం. ఈ తేడా నాకు ఆఫీసు బల్ల దగ్గర తట్టలేదు.

మరునాడే మళ్ళీ ఒంగోలు పోయాను. "ఫైలు పైకి వెళ్ళిందండి" అన్నాడు గుమాస్తా. ఇంకో పిల్ల దగ్గర పుస్తకం అడిగి తీసుకుని, రెండు రోజులు కూర్చుని మొత్తం నా చేత్తో రాసిచ్చాను. ఆ అమ్మాయి తిప్పి చూసింది.

"అక్షరాలు బాగున్నాయి టీచర్. కానీ నా పుస్తకంలో అయితే ఏ పేజీలో ఏ మూల ఏముందో కళ్ళు మూసుకున్నా తెలిసేది. ఇందులో వెతుక్కోవాలి."

"వెతుక్కో. నావల్లే పోయింది నీ పుస్తకం."

"పర్లేదు టీచర్" అంది. పర్లేదన్న మాటలో క్షమ ఉందో, అలసట ఉందో నాకు తెలియలేదు. ఆ చేతుల మీది కందిన మచ్చలు ఇంకా పోలేదు.

పరీక్ష రాసింది. పాసైంది. అన్ని పేపర్లలోకీ ఇంగ్లీషులోనే మార్కులు తక్కువ వచ్చాయి. దర్శిలో ఇంటర్లో చేరింది. వాళ్ళమ్మ తన జాగాలోకి తాను వచ్చింది. సెలవు రోజుల్లో ఎవరైనా రాకపోతే ఈ పిల్ల కూడా ఆటో ఎక్కుతుంది. ఒక ఆదివారం రోడ్డు మీద నేను కనిపిస్తే, కదిలే ఆటోలోంచి తల బయటికి పెట్టి అరిచింది.

"టీచర్! ఇవాళ ఆదివారం! 'ఎ' వేసేరు!"

లోపలి పదకొండు మందీ పకపకా నవ్వారు. నేనూ చెయ్యి ఊపాను. నవ్వు మాత్రం సగంలోనే ఆగింది.

నాకు మెమో వచ్చింది. ఇంగ్లీషులో, మొదటినుంచి చివరిదాకా పాసివ్‌లో. రిజిస్టరు సక్రమంగా నిర్వహించబడలేదని గమనించబడింది, హెచ్చరించబడుతున్నది. మరుసటి ఏడు దాన్నే బోర్డు మీద రాసి, కర్తలను పట్టుకోమన్నాను. "గమనించిందెవరు?" అని అడిగితే ఒకడు లేచి, "మీరే కదా టీచర్, మీరే పోయి చెప్పారంటగా" అన్నాడు. మిగతా క్లాసుల పట్టీలు ఎవరూ అడగలేదు. అయినా లెక్కల మేష్టారు నాతో చాలాకాలం మాట్లాడలేదు. కానీ ఒక మధ్యాహ్నం వరండాలో పోతూ, ఆయన తొమ్మిదో తరగతిలో నిలబడి పేర్లు పిలుస్తుండగా విన్నాను. నన్ను చూసి గొంతు తగ్గించాడు.

నోటు పుస్తకం మాత్రం రాలేదు. ఒంగోలు పని పడ్డ ప్రతిసారీ ఆ ఆఫీసు మెట్లెక్కుతాను. ఆఫీసరు మారారు. గుమాస్తా మారాడు. కిందటి నెల వెళ్తే కొత్త గుమాస్తా, చిన్న వయసువాడు, బీరువాలన్నీ మర్యాదగా వెతికి చేతులు దులుపుకున్నాడు.

"పాత ఫైళ్ళు తీసేశారు మేడమ్."

"ఎవరు?" అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. పుస్తకం ఆ బల్ల మీద పెట్టి దండం పెట్టి వచ్చిందెవరో నాకు తెలుసు.

"ఇంకో గది ఏదైనా ఉందా బాబూ?" అని అడిగాను. పైన ఒకటుంది, తాళం ఉన్నాయన సోమవారం వస్తాడన్నాడు. సోమవారం వెళ్ళాలి.